‘గారు’ అన్న పాపానికి

మా ఊళ్లో ఏ పార్టీవాళ్లు మీటింగు పెట్టినా జయపాల్ మైకులోంచే మాట్లాడాలి. మైదుకూరు రోడ్డు మీద అతనికి షామియానా షాపు ఉంది. కుర్చీలు, వంటపాత్రలు, మైకుసెట్టు బాడుగకిస్తాడు. ఆంప్లిఫయరు పక్కన కూర్చుని అన్ని జెండాల ఉపన్యాసాలూ విన్నవాడు కాబట్టి, న్యాయంగా వాదించడమంటే ఏమిటో తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం. ఎవరైనా మరీ గొంతు చించుకుంటే మెల్లగా మీట తిప్పి సౌండు తగ్గించేవాడు. మాట్లాడేవాడికి తెలియదు, వినేవాళ్ల చెవులు మాత్రం బతికిపోయేవి.

‘మన ఊరి మాట’ అని వాట్సాప్ గ్రూపు పెట్టిందీ అతనే. అక్కడ తిప్పడానికి మీట ఉండదన్న సంగతి పెట్టాక గానీ తెలియలేదు.

గుట్ట కింది మెట్టభూములను సోలారు కంపెనీకి కౌలుకివ్వాలా వద్దా అన్న చర్చతో గొడవ మొదలైంది. వద్దనేవాళ్లకు నాయకుడు ఏసేపు. జయపాల్ అక్క విశ్వాసమ్మ మొగుడు, అంటే జయపాల్‌కు బావ. సోలారు పలకల వేడికి మబ్బులు చెదిరిపోయి వానలు పడవని చెప్పే వీడియో ఒకటి సంపాదించి, పొద్దున్నే బైబిలు వాక్యం పెట్టినంత భక్తిగా రోజూ పెట్టేవాడు. ఇవ్వాలనే హనుమేష్ ఆ వీడియోను వదిలేసి ఏసేపు తాత చేసిన ఘనకార్యాలు ఎత్తుకున్నాడు. ఏసేపు హనుమేష్ తలకాయలో ఏముందో వివరించాడు. భూముల సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

అప్పుడు జయపాల్ నియమాలు రాశాడు. రాసింది సొంత మాటో, ఎవరో పంపిందో చెప్పాలి. ఆధారం అడిగితే చూపించాలి, లేదంటే తీసెయ్యాలి. ఇంట్లోవాళ్లను, తాతలను, గుడినీ చర్చినీ లాగకూడదు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆఖరున, టీవీ చర్చల్లో చూసి నేర్చుకున్న మర్యాద ఒకటి చేర్చాడు: గ్రూపులో చుట్టరికాలు చెల్లవు, అందరినీ ‘గారు’ అనాలి, ‘రేయ్’ అన్నవాళ్లను తీసేస్తాం. నాకు ఆ నియమం తెగ నచ్చింది. ఈ ఊరికి టీచరుగా వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. నన్ను ఊరంతా మొదటినుంచీ ‘సార్ గారు’ అనే పిలుస్తుంది. ఇన్నాళ్లకు మిగతావాళ్లకూ బుద్ధి వస్తోందనుకున్నాను.

మర్నాడు పొద్దున మబ్బుల వీడియో మళ్లీ వచ్చింది. జయపాల్ రాశాడు: “ఏసేపు గారూ, మీరు పెట్టిన వీడియోకు ఆధారం చూపించగలరు.”

ఏసేపు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. షాపుకు రావడం మానేశాడు. దారిలో ఎదురైతే తల తిప్పుకున్నాడు. అంతకుముందు వారమే జయపాల్‌ను పదిమందిలో ‘దున్నపోతా’ అని పిలిచి, వాళ్లింటికే వెళ్లి రాగిసంగటి తిని వచ్చిన మనిషి!

విశ్వాసమ్మ షాపుకొచ్చి తమ్ముణ్ణి నిలదీసింది. మొగుడు అన్నం సరిగా తినడం లేదట. ఏం తప్పు చేశాడని అంత మాట అన్నావని అడిగింది.

“మర్యాదిచ్చినా గదక్కా,” అన్నాడు జయపాల్.

“మర్యాద బయటోళ్లకియ్యిపోరా.”

మా వైపు ‘గారు’ అనేది బ్యాంకు మేనేజరుకు, ఓట్లడగడానికి వచ్చినవాడికి. సొంత బావను గారు అన్నామంటే, ఇక నీకూ నాకూ ఏమీ లేదని పదిమందిలో చెప్పినట్టే. అది తెలియనివాడు కాదు జయపాల్. కానీ ఒక్క బావకు సడలిస్తే హనుమేష్ ఊరుకుంటాడా? న్యాయం పట్టుకుని కూర్చున్నాడు.

ఇంతలో ఏసేపు కూతురు క్రిస్టినాకు సంబంధం కుదిరింది. మేనమామగా ప్రధానానికి, అంటే నిశ్చితార్థానికి, తన షామియానా కిందే, తన మైకులోనే ప్రార్థన జరగాలని జయపాల్ ఆ పిల్ల పుట్టినప్పటినుంచీ అనుకుంటున్నాడు. ఏసేపు మైదుకూరు నుంచి వేరే మైకుసెట్టు మాట్లాడుకున్నాడు. జయపాల్ ఫోనుకు పిలుపు వచ్చింది: “జయపాల్ గారూ, తమరు కుటుంబసమేతంగా విచ్చేయ ప్రార్థన.” అది నాకు చూపిస్తూ ‘గారూ’ అన్న మాట మీద వేలు పెట్టి ఉంచాడు. నాకు జాలేసింది.

వెళ్లాడు. వెనక వరసలో, ఎవరివో బాడుగ కుర్చీల్లో, నా పక్కన కూర్చున్నాడు. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టగానే మైకు కీచుమని కూత పెట్టింది. తెచ్చినవాళ్లు ఏదో తిప్పారు, కూత ఇంకా పెరిగింది. జయపాల్ వేళ్లు మోకాలి మీద లేని మీటను తిప్పుతూనే ఉన్నాయి. మనిషి మాత్రం కదల్లేదు. పిలిచింది ‘గారు’నాయె, బావమరిదిని కాదు!

ఏసేపు కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత లేచి, పాస్టరు చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

“రేయ్ జయపాలా, మైకు కూస్తాంటే ఆడ గారు మాదిరి కూచ్చోనుండావేమిరా? రా ఈడికి.”

ఆ కూతలోనే ఊరంతా విన్నది. జయపాల్ కళ్లు తుడుచుకుంటూ పరిగెత్తాడు.

సాయంత్రానికి ఏసేపు మైకులో అట్లా పిలిచిన వీడియో గ్రూపులోకి ఎక్కింది, హనుమేష్ పుణ్యమా అని. పైగా ‘రేయ్’ అన్నవాణ్ణి నియమం ప్రకారం తీసెయ్యాలన్నాడు. గ్రూపులో లేనివాణ్ణి ఎలా తీసేస్తారని మాత్రం ఆలోచించలేదు. జయపాల్ ముందు బావను మళ్లీ చేర్చి, తర్వాత ఆఖరి నియమాన్ని దిద్దాడు: మనిషిని ముఖం మీద ఎట్లా పిలుస్తామో ఈడా అట్లే పిలవాల. మిగతావి అక్షరం మారలేదు.

పొద్దున మబ్బుల వీడియో యథావిధిగా వచ్చింది.

“బావా, దీనికి ఆధారం యాడుండాది? ల్యాకుంటే తీసెయ్,” అని రాశాడు జయపాల్.

“ల్యాదులేరా దున్నపోతా. తీసేస్తాండా.”

తీసేశాడు కూడా. అప్పటినుంచి గ్రూపంతా బావలు, మామలు, చిన్నాయనలు. వాదన మాత్రం ఆగలేదు. హనుమేష్‌ను ఏసేపు ‘అల్లుడా’ అని పిలిచి మరీ ఏకిపారేస్తున్నాడు.

మొన్న నేనూ కౌలు షరతుల మీద నా అభిప్రాయం రాశాను. కావాలనే ఒక తప్పు లెక్క కూడా అందులో పెట్టాను. ఎవరైనా ఆధారం అడుగుతారేమో, కనీసం తిడతారేమోనని ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. జయపాల్ తన కొత్త నియమం తప్పకుండా జవాబిచ్చాడు:

“శానా బాగా చెప్పినారు సార్ గారూ.”