మంచినీళ్ళు తాగిన మడి

నా చిన్నప్పుడు మా పొలంలో ఉప్పు పండేది. నాగాయలంకకి దిగువన, సముద్రం తుమ్మితే మా దొడ్లో ఆరేసిన బట్టలు తడిసేంత దగ్గర్లో ఉండేది మా ఊరు. ఉప్పెన వచ్చి వెళ్ళాక సముద్రం తన సామానంతా మా చేలోనే వదిలేసి పోయింది. కాలువేమో ఎగువ ఊళ్ళన్నిటికీ మర్యాదలు చేసుకుంటూ మా దగ్గరికొచ్చేసరికి చెంబుడు మిగిలేది. ఎండాకాలం మా చేను చూసిన కొత్తవాళ్ళు, ఎవరో పెళ్ళికి సున్నం వేయించారనుకునేవారు. మజ్జిగన్నంలోకి ఉప్పు అడగనక్కర్లేదు, చేనుకెళ్ళొచ్చిన వేలు ముంచితే చాలు. ఇప్పుడు నవ్వుతాలుకి చెబుతున్నాను గాని, వేసిన నారు వేసినట్టు మాడిపోయే ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వినవాళ్ళు లేరు.

మా తాతయ్యకి ఉన్నదల్లా ఆ చేను. రొయ్యల చెరువు తవ్వుకుంటాను, కౌలుకివ్వమని గుడివాడ నుంచి ఒక ఆసామి చెప్పులరిగేలా తిరుగుతున్నాడు. ఒకసారి చెరువు తవ్వాక అది మళ్ళీ చేను కాదని తాతయ్యకి తెలుసు. ఈ కోతలదాకా ఆగమని ఆయన్ని బతిమాలుకున్నాడు. ఆ కోతల మీద ఆశ పెట్టింది బందరు సారు.

బందరు సారంటే విశ్వవిద్యాలయం తరఫున కొత్త వరి వంగడాలు పుట్టించే ఆయన. ఆయన స్కూటరు అవనిగడ్డ దాటకముందే మా ఊళ్ళో కుక్కలు మొరగడం మొదలెట్టేవి. కళ్ళద్దాలు ఎంత మందమంటే, వాటిలోంచి చూస్తే నత్తగుల్ల కూడా గేదెలా కనబడి ఉంటుంది. మా తాతల నాటి పొడుగు ఎర్రవడ్ల రకం ఒకటుండేది. ఉప్పుకి లొంగదు, కాని చాటెడు పండి చేతులు దులుపుకుంటుంది. కొత్తగా వచ్చిన పొట్టి రకం బస్తాలకి బస్తాలు పండుతుంది, ఉప్పు వాసన తగిలితే మూర్ఛపోతుంది. సారు ఈ రెంటికీ సంబంధం కలిపారు. పువ్వు విచ్చకముందే దాని కొన చిన్న కత్తెరతో కత్తిరించి, లోపలి పుప్పొడి తిత్తుల్ని పట్టకారుతో ఒక్కొక్కటే తీసేసి, వెన్నుకి కాగితం టోపీ తొడిగేవారట. మర్నాడు రెండో రకం వెన్ను తెచ్చి దాని మీద దులిపేవారట. పెళ్ళికూతురికి ముసుగేసి ముహూర్తం కోసం కూర్చోబెట్టినట్టుందే అని మా నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆ పెళ్ళికి పుట్టిన సంతానాన్నీ, వాటి సంతానాన్నీ ఏళ్ళ తరబడి పెంచి, వాటిలో ఏ పిల్లకి ఒకరి మొండితనమూ ఇంకొకరి పంటా కలిసి వచ్చాయో తేల్చుకోవడానికి సారు మా ఊరొచ్చారు.

తాతయ్య ఉన్నంతలో మంచి మడి చూపించబోతే, సారు వద్దని అన్నిటికన్నా పాడు మడి అడిగారు. అతిథికి పాడు మడి ఇవ్వడమంటే మా వైపు కాలు విరిగిన కుర్చీ వేసి కూర్చోమనడమే. తాతయ్య సిగ్గుతో చితికిపోతూనే వాకిలంత మడి ఒకటి ఇచ్చాడు. సారు అందులో వరసలు వరసలుగా నాట్లు వేయించి, వరసకో పుల్ల గుచ్చి నంబరు వేశారు. మిగతా చేనులాగే దీన్నీ వదిలెయ్యమన్నారు. గట్టిదేదైనా తేలితే మొదటి విత్తనం మీ ఇంటికేనని మాటిచ్చి వెళ్ళారు.

కొన్నాళ్ళకి ఆకుల కొసలు ఎండడం మొదలైంది. మనింట్లో అన్నం తిన్న మనిషి పైరు మన చేలో చచ్చిందంటే ఊళ్ళో తలెత్తుకోవడం ఎలాగని తాతయ్యకి బెంగ. నాయనమ్మ బెంగ ఇంకా పెద్దది. సారు పైరు పోతే విత్తనం పోతుంది, విత్తనం పోతే చేను పోతుంది. ఇద్దరూ కూడబలుక్కుని, పొద్దున్నే ఊరి మంచినీళ్ళ చెరువు నుంచి బిందెలు మోసుకొచ్చి ఆ మడిలో పోయడం మొదలెట్టారు. ఉప్పు దిగిన నీళ్ళని బయటికి తోడేసి మళ్ళీ కొత్తవి పోసేవారు. అవి మేం తాగే నీళ్ళు. ఆ పంటకాలమంతా పిల్లల స్నానాలు ఉప్పునీళ్ళతోనే అయ్యాయి. మా జుట్టు కొబ్బరిపీచై దువ్వెనలు విరిగిపోతుంటే, మా అమ్మ అందరికీ గుండ్లు చేయించేస్తానని బెదిరించింది. నాయనమ్మ నడుం వంగింది, మళ్ళీ నిటారు కాలేదు. మడి మాత్రం చిలకలు సిగ్గుపడేంత పచ్చగా ఉంది.

పైరు వెన్నులు తీశాక సారు వచ్చారు. తాతయ్య సగం ఊరిని గట్టు మీదకి పిలిచాడు. మిగతా సగం పిలవకుండానే వచ్చింది. ఒక్క వరసైనా పోలేదని అందరూ సారు ముఖంలోకి చూస్తున్నారు. ఆయన ఆ చివర నుంచి ఈ చివరికి నడుస్తున్నకొద్దీ ఆ ముఖం పాలిపోతోంది. గట్టుకి ఇవతల తెల్లగా పొక్కులు లేచిన మట్టి చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నారు. ఉమ్మేసి, మడిలో మట్టి వేసుకున్నారు.

"పిన్నిగారూ, దీనికి మంచినీళ్ళు పోశారాండీ?" అన్నారు అక్కడే గొంతుక్కూర్చుని.

"పొయ్యకపోతే చచ్చిపోవా నాయనా?" అంది నాయనమ్మ.

"చచ్చేవి చావాలనే కదండీ ఇక్కడ నాటాను. అన్నీ బతికితే, ఇందులో గట్టిదేదో నాకెవరు చెప్తారు?"

గట్టు మీది ఊరు ఒక్కొక్కరుగా జారుకుంది. తాతయ్య మాత్రం కదల్లేదు. ఏదో ఒక వరస, బాగా ఏపుగా ఉన్నది, గుప్పెడు విత్తనం ఇచ్చిపొమ్మని అడిగాడు. మా తాతయ్య ఒకరిని చెయ్యి చాచి అడగడం నేను చూసింది అదొక్కసారే. సారు ఆ చేతిని చూడలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇచ్చేస్తారనే అనుకున్నాను. మా ఇంట్లో ఎవరమైనా అయితే ఇచ్చేసేవాళ్ళం.

"ఇస్తే మీరు చేనంతా వేస్తారు బాబాయిగారూ. మిమ్మల్ని చూసి ఊరంతా వేస్తుంది. అది ఉప్పుకి ఆగుతుందని నేను ఒట్టేసి చెప్పలేను. ఈ ఏడు పోయిందండీ. పై ఏడు మళ్ళీ వేద్దాం."

ఆ పై ఏడే మా దగ్గర లేదు. ఆ సంగతి తాతయ్య ఆయనకి చెప్పలేదు. ఇంటికి తీసుకొచ్చి భోజనం పెట్టించాడు. సారు విస్తట్లో మెతుకు మిగల్చకుండా తిన్నారు. వడ్డిస్తున్నంతసేపూ నాయనమ్మ తలెత్తలేదు.

కోతలయ్యాక రైసుమిల్లంత యంత్రమొకటి వచ్చి మా చేనుని కడుపుదాకా తవ్వింది. మళ్ళీ నాట్ల వేళకి సారు స్కూటరుకి విత్తనాల సంచి కట్టుకుని వచ్చి, రొయ్యల చెరువు గట్టు మీద నిలబడ్డారు. ముఖం చూపించలేక తాతయ్య ఇంట్లోంచి బయటికి రాలేదు. సారు ఆ సంచి పట్టుకుని ఇంకో ఊరెళ్ళి, ఇంకొకరి ఉప్పు మడిలో నాటించారు. అక్కడ ఎవరూ నీళ్ళు పోయలేదు. దాదాపు అన్నీ చచ్చాయి. చావకుండా మిగిలినదే కొన్నేళ్ళకి వంగడమైంది. చుట్టుపక్కల ఉప్పు నేలల్లో ఇప్పుడు దాన్నే వేస్తున్నారు. మా చెరువులో రొయ్యలకి తెగులొచ్చి, గుడివాడ ఆసామి గొయ్యిని మాకే వదిలేసి వెళ్ళాడు. దాని చుట్టూ సర్కారు తుమ్మ మొలిచింది. ఆ వంగడం వచ్చేసరికి తాతయ్య లేడు.

నాయనమ్మ ఇంకా చాలాకాలం బతికింది. చెంబు పట్టుకుని పెరట్లో బీరపాదు ముందు నిలబడి, నా వైపు తిరిగి, "పొయ్యొచ్చంటావా అమ్మాయీ?" అనేది. బీరపాదుకి నీళ్ళు పోయడానికి మనవరాలి అనుమతి అడిగే మనిషిని చూసి మొదట్లో నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను.

ఇప్పుడు నేను నర్సులు కాబోయే పిల్లలకి పాఠాలు చెబుతాను. గోరంతని కొండంత చేసి చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య, జాలేమో వంశపారంపర్యంగా వచ్చిన జబ్బు. ఒక్కోసారి మందు మోతాదు తప్పు రాసిన పిల్ల ఎదురుగా నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఈ ఏడు పోతే ఇంట్లో చదువు మాన్పించేస్తారు మేడం అంటుంది. పాసుకి కాస్తే తక్కువ. కలం పట్టిన చెయ్యి దానంతటదే లేస్తుంది. అప్పుడు వెనక నుంచి, చెంబు పట్టుకుని నిలబడినట్టే, నాయనమ్మ అడుగుతుంది: పొయ్యొచ్చంటావా?

కలం కింద పెడతాను. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, పొద్దుపోయినా సరే, మొదటి నుంచీ మళ్ళీ నేర్పుతాను. మార్కు మాత్రం పొయ్యను.