గడ్డికి దసరా దాకా గడువు

ఇంటి ముందు జాగా గురించి నాకూ మా ఆయనకూ ఇల్లు కట్టిన రోజు నుంచీ పేచీయే. ఆయనది బండల వ్యాపారం. మార్కాపురంలో పుట్టి, పలకల రాయి మధ్య పెరిగి, ఆ రాయే కోయించి అమ్ముకునే మనిషికి ఖాళీ నేల కనబడితే చేతులు ఊరుకోవు. వాకిలంతా నల్ల బండలు పరిపిద్దాం, చిమ్ముకోవడానికి సుళువు, బండి పెట్టుకోవచ్చు, వడియాలు ఎండబెట్టుకోవచ్చు అంటాడు. నాకేమో గడ్డి కావాలి. పొద్దున్నే చెప్పుల్లేకుండా నడిచే పచ్చగడ్డి.

ఎందుకంటే నేను తర్లుపాడు పక్క పల్లెపిల్లను. మా నాయన పలకల గనిలో పనిచేసేవాడు. ఇంటి చుట్టూ రాళ్ళు, రాతి ముక్కలు, రాతి దుమ్ము. ఎండాకాలం ఆ ముక్కల మీద గెంతుకుంటూ బడికి పోయేదాన్ని. పెళ్ళయి వస్తే ఇక్కడా రాళ్ళే, కాకపోతే పాలిష్ పట్టినవి. నా బతుకులో ఒక్క చోటైనా కాలు పెడితే మెత్తగా ఉండాలని నా ఆశ. ఈ మాట ఎప్పుడు చెప్పినా మంచి చెప్పులు కొనుక్కోమనేవాడు మహానుభావుడు.

ఆఖరికి మా అత్తను పెద్దమనిషిగా కూర్చోబెట్టి ఒప్పందానికి వచ్చాం. వానలు మొదలవగానే గడ్డి వేసుకోవచ్చు. దసరా నాటికి బతికుంటే జాగా నాది. చచ్చిపోతే మర్నాడే మేస్త్రి వచ్చి బండలు పరుస్తాడు, ఇక నేను జన్మలో గడ్డి మాట ఎత్తకూడదు. ఆయన గారు అక్కడితో ఆగకుండా బండలు ముందే తెప్పించి ప్రహరీకి ఆనించి పెట్టాడు. పొద్దున తలుపు తీయగానే నాకు వాటి దర్శనమే.

ఒంగోలు పక్క నర్సరీ వాళ్ళు గడ్డిని చాపల్లా చుట్టి ఆటోలో తెచ్చి పరిచిపోయారు. మా అత్త అరుగు మీద కూర్చుని ఆ తంతు అంతా చూసింది.

"మిరప చేలో గడ్డి పీకీ పీకీ నా నడుము పడిపాయ. నువ్వేమో కొనుక్కొచ్చి నాటుతాండావు. బర్రె ఎప్పుడొస్తాదమ్మా?" అని అడిగింది.

వీధిలో వాళ్ళు అంతకంటే ఘనులు. పక్కింటి ఆపా తన మేకను ఒక్క పూట వదలనా అని నవ్వుతూ అడిగింది. వినాయక చవితి పొద్దున ఇద్దరు ఆడవాళ్ళు గరిక కోసుకుపోదామని పళ్ళెం పట్టుకుని గేటు తీసుకుని వచ్చేశారు. ఇది గరిక కాదు తల్లీ, నా ప్రాణం అని చెప్పి పంపించాను.

ఇక నీళ్ళ సంగతి. మా ఊళ్ళో కొళాయి ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు. వచ్చిందంటే సంపు, డ్రమ్ములు, బిందెలు, చెంబులు, ఆఖరికి టీ గ్లాసులు కూడా నింపి పెట్టుకుంటాం. వస్తున్న నీళ్ళను కట్టేయడం మా వీధిలో ఎవరికీ చేతకాదు. అన్నీ నిండాక మిగిలిన నీళ్ళు గడ్డికి పెట్టేదాన్ని. ముందురోజు వాన పడిందా లేదా అన్న ఆలోచనే ఉండేది కాదు. వచ్చే నీళ్ళను వద్దనుకోవడానికి మనసెట్లా వస్తుంది?

ఆ ఏడు వానలు కూడా విడవకుండా కురిశాయి. ముసురు, తెరిపిస్తే ఉక్క. ఆరేసిన బట్టలు ఆరవు, వంటింట్లో ఉప్పు నీరైపోయేది. మా ప్రాంతానికి అలవాటు లేని కాలం. చవితి దాటాక గడ్డి మధ్యలో పళ్ళెమంత పసుపు మచ్చ కనబడింది. పాపం దాహమేసిందేమో అనుకుని రెండు బిందెలు ఎక్కువ పోశాను. వారం తిరిగేసరికి మచ్చ చాటంత అయింది, పక్కన ఇంకో రెండు పుట్టాయి. ఆ రోజు వంటింట్లోకి పోయి ఏడ్చాను, దాచుకోవడమెందుకు. మా ఆయన మాత్రం ఒక్క మాటా అనకుండా గడ్డినీ బండలనూ మార్చి మార్చి చూసేవాడు. లోపల్లోపల నవ్వుకుంటున్నాడని నాకు ఒళ్ళు మండిపోయేది.

నర్సరీ వాళ్ళకు ఫోన్ చేసి ఫొటోలు పంపితే, నీళ్ళు ఆపండమ్మా, వేర్లు కుళ్ళి బూజు పట్టింది అన్నారు. నేను నమ్మలేదు. నీళ్ళు లేక చచ్చిన చేలను చూశాను, చెట్లను చూశాను, నీళ్ళెక్కువై చావడం మా పక్క విన్నదే లేదు. అయినా ఒక మూల పెకలించి చూస్తే మురిక్కాలవ వాసన కొట్టింది. అప్పటికప్పుడు నీళ్ళు మానేశాను. ఈ సంగతి మా ఆయనకు మాత్రం చెప్పలేదు. చెబితే ఆయన చేతికి కత్తి ఇచ్చినట్టేగా!

వాన తెరిపిచ్చింది, నేను నీళ్ళు మానేశాను, అయినా నేల చిత్తడిగానే ఉంది. ముందు మా అత్త దొరికింది. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెడు తెచ్చి మచ్చల మీద పోస్తోంది. నోరు లేని దానికి ఇంత కడుగు పోస్తే తప్పా అని నన్నే ఎదురు అడిగింది. అసలు జబ్బు నీళ్ళేనని చెప్పి, కొడుకుతో అనవద్దని ఒట్టు వేయించుకున్నాను.

అయినా చిత్తడి ఆరలేదు. గిన్నెడు కడుగుతో అయ్యే తడి కాదది. అప్పుడు నా అనుమానం తిరగాల్సిన చోటికే తిరిగింది. నీళ్ళే జబ్బని మా ఆయన ఎట్లాగో పసిగట్టి, దసరా లోపల కుళ్ళబెట్టి బండలు పరిపించాలని చూస్తున్నాడు. ఇంత మోసగాడితో ఇన్నేళ్ళు కాపురం చేశానా అనిపించింది.

ఒక సాయంత్రం బజారుకని చెప్పి బయలుదేరి, వీధి మలుపు దాకా పోయి తిరిగి వచ్చాను. అనుకున్నట్టే పంచె ఎగగట్టుకుని, పైపు పట్టుకుని గడ్డి మధ్యలో నిలబడి ఉన్నాడు.

"ఏందయ్యా, దాన్ని చంపి గెలుద్దామనుకున్నావా?" అన్నాను.

ఆయన బిత్తరపోయాడు. పైపు పక్కకు తిప్పనైనా తిప్పలేదు, నీళ్ళు కాళ్ళ మీదే పడుతున్నాయి.

"చంపేదేందే? ఎండిపోతాంటే జూడలేక సంపు మోటరేసి రోజూ నీళ్ళు పెడ్తాండా," అన్నాడు.

ఎండిపోతే నీకేగా లాభం, బండలు పరుచుకోవచ్చుగా అన్నాను. ఆయన ప్రహరీకి ఆనించిన బండల వైపు చెయ్యి చూపించాడు.

"అది చస్తే నువ్వు ఏడుస్తావు గదా. వంటింట్లో ఏడిస్తే నాకు వినపడదనుకున్నావా? ఆ బండల మీద నేనెట్ల నడ్సాల?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముగ్గురం ముగ్గురమే! ఒకరికి తెలియకుండా ఒకరం పాపమని నీళ్ళు పోసి పోసి, దాని ప్రాణం మీదికి తెచ్చాం. నీళ్ళే దాని జబ్బు అని చెబితే ఆయన చాలాసేపు నమ్మలేదు.

ఆపై దసరా దాకా దాన్ని ముట్టుకోకుండా ఉండడం మా ఇంట్లో అందరికీ ఉపవాసం లాగే గడిచింది. దసరా వచ్చింది. గడ్డి సగం పచ్చగా ఉంది, సగం బోడి. మా అత్త తీర్పు తన వల్ల కాదని చేతులెత్తేసింది. మర్నాడు చెప్పినట్టే మేస్త్రి తాపీతో దిగాడు. మాట మాటే గదా, కానివ్వమని నేనే అన్నాను. అనేసి మళ్ళీ అటు చూడలేకపోయాను.

సరిగ్గా అప్పుడే కొళాయి వచ్చింది. మా ఆయన పరుగున పోయి డ్రమ్ములు నింపాడు, బిందెలు నింపాడు. బండలన్నీ పెరట్లో బట్టలుతికే చోట వేయమని మేస్త్రికి అక్కడి నుంచే కేకేశాడు. అన్నీ నిండాయి. నీళ్ళు ఇంకా ధారగా వస్తూనే ఉన్నాయి. అలవాటు కొద్దీ పైపు చేతిలోకి తీసుకున్నాడు, గడ్డి వైపు చూశాడు, నా వైపు చూశాడు. పైపు కింద పెట్టి, వంగి, వస్తున్న కొళాయిని కట్టేశాడు.