ఎర్ర వైరు నిద్ర చేయకూడని ఇల్లు

నిన్న పొద్దున సిరుగుప్పలో మా మోటార్ల రిపేరు కొట్లో కరెంటు చూసే చేతి మీటరు టప్పుమంది. రిపేరుకు వచ్చిన పొలం మోటారు స్టార్టరుకు కరెంటు అందుతోందో లేదో చూద్దామని షాహీన్ మీటరు మొనలు రెండూ ఆనించింది, అంతే. నీలంగా ఒక మెరుపు మెరిసి గోడ మీది బ్రేకరు పడిపోయి కరెంటు ఆగిపోయింది. మీటరు లోపలి ఫ్యూజు తాను పోయి షాహీన్ చేతులను కాపాడింది. కొట్టంతా రాగి కాలిన వాసన. షాహీన్ నాతో పనిచేయడం మొదలుపెట్టి ఇంకా ఏడాది కాలేదు. ఇద్దరు పిల్లల తల్లి. నల్లబడిన మొనల వంక, తన వేళ్ళ వంక మార్చి మార్చి చూసుకుని, "నేనే చూసుకోలేదక్కా" అంది. ఆ వాసనా ఆ మాటా ఒక్కసారే వచ్చి మీద పడేసరికి స్టూలు మీద కూలబడ్డాను. ఆ రెండింటినీ నేను ఇదివరకే ఎరుగుదును. ఎట్లా ఎరుగుదునో చెప్పాలంటే గాదిలింగప్ప గురించి చెప్పాలి.

అవి మైనింగు రోజులు. బళ్ళారి చుట్టుపక్కల మట్టిని ఎత్తి లారీలో పోస్తే చాలు, ఎవరో ఒకరు కొనుక్కుపోయేవారు. వరి పండించే మడికట్లు అమ్మి టిప్పర్లు కొన్నవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. తోరణగల్లు దాటాక రోడ్డు పక్కన ఇనుప రాయిని పిండి చేసి జల్లించే ఒక క్రషర్ ప్లాంటులో, లారీలు తూకం వేసే కాటా దగ్గర నాకు ఉద్యోగం. బళ్ళారి గాంధీనగర్‌లో అద్దె ఇల్లు, బడికి పోయే బిడ్డ. పొద్దున కట్టుకున్న చీర ఏ రంగుదైనా సాయంత్రానికి ఎర్రగానే ఇల్లు చేరేది. మా అందరి బట్టలదీ అదే గతి. అయినా ఆ ప్లాంటు కరెంటు ఫోర్‌మన్ గాదిలింగప్ప రోజూ తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చేవాడు. యాభై దాటిన మనిషి. మీసం మీద మోజు, నోటి మీద అదుపు లేకపోవడం, ఈ రెండింటికీ పేరుపడ్డాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆయన విషయంలో ఊరే కొంచెం సర్దుకుపోయేది.

ఒకరోజు కాటా మొరాయించింది. ఒకే లారీ ఎక్కిన ప్రతిసారీ ఒక కొత్త బరువు. వెనక టిప్పర్లు వరసకట్టి హారన్లు మోగిస్తున్నాయి. నేను మానిటరును తట్టి, తుడిచి, ఆపి, మళ్ళీ వేసి ఏడుపు మొహంతో ఉన్నప్పుడు గాదిలింగప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. 

"ఏం పాపా, పూజ చేస్తాండావా దానికి? తట్టితే నిజం చెప్తాదా?" అన్నాడు. పెళ్ళయి బిడ్డను కన్న నన్ను పాపా అంటే ఒళ్ళు మండింది. 

"మీరు రారు, మీ మనుషులు రారు. నన్నేం చేయమంటారన్నా?" అన్నాను.

"నేర్చుకోమంటా" అని పసుపురంగు మీటరు నా చేతిలో పెట్టాడు. పెట్టి, అంతటి నోరున్న మనిషి గోడ వైపు తిరిగి గొంతు తగ్గించి చెప్పాడు. "మొదట తాళి లోపలికేసుకో. వంగినప్పుడు అది యాలాడి కరెంటుకు తగుల్తాది. ఉంగరం తియ్యి. గాజులు గాజువే గదా, ఉండనీ." 

ఆ తర్వాత మీటరు కింద వైర్లు గుచ్చే రంధ్రాలు చూపించాడు. 

"నల్లది యాడికీ పోదు, దాని ఇల్లు ఇదే. ఎర్రదానికి సొంతిల్లు ఇది. వోల్టేజి చూసేది ఈ ఇంట్లో ఉన్నప్పుడే. ఆంపియర్లు చూడల్లంటే పక్కింటికి పోతాది. పోనీ, తప్పులేదు. పని అయితానే ఇంటికి రావల్ల. ఆడ నిద్ర చేయకూడదు."

"చేస్తే ఏమవుతుందన్నా?"

"ఆ ఇంట్లో ఉన్నంతసేపు ఇది మీటరు కాదు, ఉత్త తీగె. కరెంటంతా దీంట్లోనుంచి పారితేనే గదా ఆంపియర్లు తెలిసేది. అది మరిచి రెండు ఫేజులకు ఆనించినావనుకో, ఆ రెండింటినీ నీ చేత్తో ముడేసినట్ల. మీటరు పగుల్తాది, నీ మొగం కాల్తాది." 

అంటూనే కాటా కరెంటు తీసేయించి, నాచేతనే మీటరును, తీగె తెగకుండా ఉంటే కూతపెట్టే బీప్ గుర్తు దగ్గర పెట్టించి, కింద పరిచిన వైర్లను ఒక్కొక్కటిగా చూపించాడు. మూడు బీప్‌మన్నాయి, నాలుగోది పలకలేదు. ఎలుక కొరికిన చోటు దొరికింది. నా జన్మలో అంత సంతోషం ఏ బంగారం కొన్నప్పుడూ కలగలేదు.

అప్పటినుంచి ఖాళీ దొరికినప్పుడల్లా నాకు పాఠాలే. బీప్ పెట్టేముందు కరెంటు తీయాలి. కరెంటు తీసినా కెపాసిటర్ కడుపులో కొంత దాచుకుంటుంది కాబట్టి దాన్ని ఖాళీ చేయకుండా వేలు పెట్టకూడదు. తెరిచిన పెట్టెలోకి రెండు చేతులూ పోనీయకూడదు. ఒకసారి నేను సున్నా చూసి, కరెంటు లేదన్నా అని ధీమాగా చేయి చాచబోతే నా ముంజేతి మీద స్కేలుతో ఒక్కటి వేశాడు. "మీటరు చచ్చినా సున్నానే చూపిస్తాదే పిచ్చిదానా! పో, కరెంటుండే ప్లగ్గులో పెట్టి అది బతికుండాదో లేదో చూసుకొని రా" అన్నాడు. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పోయి చూసుకొని వచ్చాను. ఇప్పటికీ చూసుకునే వస్తాను.

ఆయన తర్వాత షిఫ్టుకు వచ్చే ఎలక్ట్రీషియన్ సుంకప్ప. పని అంతా గాదిలింగప్ప దగ్గర నేర్చుకున్నవాడు, ఆయన్ని చూసి భయపడని ఒకే ఒక్క మనిషి. రెండు షిఫ్టులకూ ఉన్నది ఒకటే మీటరు. మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు దాన్ని చేతిలోంచి చేతిలోకి ఇచ్చుకునేవారు. అప్పుడు సుంకప్ప రోజూ ఒకటే మాట అడిగేవాడు, "అన్నా, ఎర్రమ్మ ఇంటికొచ్చిందా?" గాదిలింగప్ప రోజూ ఒకటే జవాబు చెప్పేవాడు, "వచ్చి అన్నం తింటాండాది, పోప్పా." వినీ వినీ మాకందరికీ అది టీ బెల్లు లాగా అయిపోయింది. అది ఎగతాళి అనుకున్నాం కానీ అదొక కాపలా అని ఎవరికీ తోచలేదు. "పట్టుకునేటప్పుడు నీ కోసం చూసుకో, పెట్టేటప్పుడు నీ తర్వాతోని కోసం చూడు" అని గాదిలింగప్ప నాకు చెప్పింది కూడా దాని గురించే.

ఆ మీటరు బజారులో దొరికే చవక సరుకు. ఆంపియర్ల రంధ్రం పక్కన ఫ్యూజు లేదని దాని మీదే ఇంగ్లీషులో రాసి ఉండేది. లోపల ఫ్యూజు ఉండే మంచి మీటరు, మందం గ్లోవ్సు కావాలని గాదిలింగప్ప ప్లాంటు యజమాని సావుకారును నా ఎదుటే రెండు మూడు సార్లు అడిగాడు. సావుకారు కొత్త కారు దిగుతూ, "మీటరంటే మీటరే గదప్పా. దీపముండంగనే ఇల్లు సర్దుకోవల్ల, ఇప్పుడు ఇవన్నీ యాడ చూస్తాం? సీజను పోనీ" అనేవాడు. ఓడరేవులో ఓడలు ఇనుప రాయి కోసం నిలబడి ఉన్నాయని అందరికీ ఒకటే తొందర.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు బ్యాటరీకి చార్జింగు ఎక్కడం లేదని గాదిలింగప్ప మీటరు పట్టుకుని షెడ్డుకు పోయాడు. ఇంతలో క్రషర్ బెల్టు ఇరుక్కుపోయిందని సావుకారు ఫోన్లో అరవడం మొదలుపెట్టాడు. గాదిలింగప్ప ప్యానెల్ రూములోకి వచ్చి, మీటరు బల్ల మీద పెట్టి, బెల్టు దగ్గరికి పరిగెత్తడం కాటా కిటికీలోంచి చూశాను. ఆయన ఇంకా బెల్టు దగ్గరే ఉండగా షిఫ్టు మారింది. కరెంటు వచ్చింది. మూడు ఫేజులూ సరిగా వచ్చాయో లేదో చూద్దామని సుంకప్ప బల్ల మీది మీటరు తీసుకున్నాడు. ఎర్రమ్మ సంగతి అడగడానికి ఆ పొద్దు అక్కడ ఎవరూ లేరు. 

టైరు పగిలినంత శబ్దం విని నేను పరిగెత్తాను. ప్యానెల్ రూములోంచి నల్లటి పొగ, ఆ వాసన. సుంకప్ప నేల మీద కూర్చుని చేతులు ముందుకు చాపి ఉన్నాడు. వాటిని తనవి కావన్నట్టు చూస్తున్నాడు. మొహం గురించి నేను రాయను. వెనకే వచ్చిన గాదిలింగప్ప తన తెల్లచొక్కా విప్పి అతని భుజాల మీద కప్పాడు.

మర్నాడు సాయంత్రం నేనూ గాదిలింగప్పా బళ్ళారి ఆస్పత్రికి పోయాం. వరండాలో సుంకప్ప భార్య రామక్క గోడకానుకుని కూర్చుంది. లోపల కట్ల మధ్య నోరొక్కటే కనిపిస్తోంది. మా మాట విని గుర్తుపట్టాడు. 

"అన్నా, నేనే చూసుకోలేదన్నా" అన్నాడు. "ముందురోజు ఆంపియర్లు చూసి నేనే ఆడ పెట్టింటా. నువ్వు అన్నిసార్లు చెప్పినా నాకు బుద్ధి రాలా. సావుకారుతో నువ్వే ఎట్లన్నా మాట్లాడన్నా." 

గాదిలింగప్ప మంచం కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. చివరికి, "నిద్రపో సుంకా" అని మాత్రం అన్నాడు.

ఆస్పత్రి గేటు బయట టీ తీసుకుని తాగకుండా పట్టుకున్నాడు. "పాపా, దాన్ని ఆడ పెట్టింది నేను. జనరేటరు చార్జింగు చూసి, ఎర్రదాన్ని అట్లనే పక్కింట్లో పెట్టి పరిగెత్తినా. ఆయప్ప నేనే నేనే అంటాంటే నా గొంతుకాడికి వచ్చె ఆ మాట. రాలా." 

"చెప్తావా అన్నా?" 

"చెప్పకుండ ఎట్లుంటా? పొద్దున్నే వచ్చి చెప్తా. ఇప్పుడు నొప్పిలో ఉండాడు గదా" అన్నాడు. 

పొద్దున మేము పోయేసరికి సుంకప్ప లేడు. మంచం మీద దుప్పటి మారుస్తున్నారు.

కొన్నాళ్ళకు ప్లాంటు ఆఫీసులో విచారణ జరిగింది. అప్పటికే సుంకప్ప తాగి డ్యూటీకి వచ్చాడని ఊరంతా పాకింది. ఎవరు పాకించారో అడగాల్సిన పని లేదు. వచ్చిన ఆఫీసరు కాలిన మీటరును బల్ల మీద పెట్టాడు. ఆంపియర్ల రంధ్రంలో ఎర్ర వైరు కొస కరిగి అతుక్కుపోయి ఉంది. తలుపు దగ్గర రామక్క నేల మీద కూర్చుని ఉంది, కుర్చీ వేసినా కూర్చోలేదు. 

"ఆపరేటరే చూసుకోలేదు సార్, అజాగ్రత్త" అన్నాడు సావుకారు. ఆఫీసరు తల ఊపబోయాడు. 

గాదిలింగప్ప లేచాడు. "వైరు ఆడ పెట్టింది నేను సార్. సుంకప్ప తాగలేదు. నేను మరిచి పెట్టిన మీటరు పట్టుకున్నాడు, అంతే." 

సావుకారు సగం కన్నడంలో, "సుమ్నె కూర్చో, నోరెత్తొద్దు" అని పళ్ళు బిగించాడు. 

"కూర్చోను. ఆయప్పకు చెప్పలేకపోతి, ఈడన్నా చెప్పనీ" అని గాదిలింగప్ప రామక్క వైపు తిరిగి చేతులు జోడించాడు.

రామక్క తిట్టలేదు. ఏడవలేదు కూడా. "రాత్రంతా నేనే చూసుకోలేదు, నేనే చూసుకోలేదు అనుకుంటానే పోయినాడప్పా" అంది. "ఆయప్ప బతికుండంగ ఈ మాట చెప్పింటే, కొంచెం నెమ్మదిగ పోతుండె గదా."

సుంకప్ప తాగి చచ్చాడన్న మాట మాత్రం ఆ రోజుతో ఆగింది. ఆ ఒప్పుకోలుతో సావుకారుకూ ఒక మేలు జరిగింది. ఫ్యూజు లేని మీటరు కొన్న సంగతి, గ్లోవ్సు ఇవ్వని సంగతి గాదిలింగప్ప ఒప్పుకున్న తప్పు కింద కప్పబడిపోయాయి. ఆయన్ని తీసేశారు. "శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందప్పా" అని టీ కొట్టు దగ్గర నవ్వారు. తప్పు నాది అని నోరు తెరిచి చెప్పినవాణ్ణి చూసి నవ్వే లోకం మీద నాకు అప్పుడు పుట్టిన అసహ్యం ఇంకా పూర్తిగా పోలేదు. కొన్నేళ్ళకు గనులు మూతపడ్డాయి. నవ్వినవాళ్ళ టిప్పర్లు ఇళ్ళ ముందు తుప్పు పట్టాయి. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

నేను సిరుగుప్పకు వచ్చి కొట్టు పెట్టుకునే నాటికి గాదిలింగప్ప అక్కడే ఒక బియ్యం మిల్లులో వాచ్‌మన్‌గా ఉన్నాడు. అప్పుడప్పుడు వచ్చి కూర్చునేవాడు. మీసం తెల్లబడింది, చొక్కా మాసింది. ఎంత బతిమాలినా మీటరు ముట్టేవాడు కాదు. ఒక్కటే పట్టుబట్టాడు, లోపల ఫ్యూజు ఉన్న మీటరు కొనేదాకా కొట్టు తెరవొద్దని. "ఫ్యూజు ఎందుకు పెట్టినారో తెల్సా పాపా? మనిషి మరిచిపోతాడని. ఎంత గట్టిగ పాఠం చెప్పేటోడైనా మరిచిపోతాడని" అన్నాడు. పోయిన ఏడు కోతల కాలంలో, మిల్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. రామక్కకు కబురు పంపాను. ఆమె రాలేదు. రానందుకు నేను తప్పుపట్టలేదు.

నిన్న షాహీన్ "నేనే చూసుకోలేదక్కా" అన్నప్పుడు, మొన్న సాయంత్రం నేను చేసింది నాకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. ఇన్వర్టరు బ్యాటరీకి చార్జింగు ఎంత పోతోందో చూస్తుండగా ఎవరో పిలిచారు. మీటరు బల్ల మీద పెట్టి లేచిపోయాను. ఇన్నేళ్ళుగా ప్రతిసారీ తడిమి చూసుకునే చెయ్యే ఇది. 

స్టూలు మీంచి లేచి షాహీన్ చేతులు పట్టుకున్నాను, కాలిందేమోనని వేలు వేలూ చూశాను. "నువ్వు కాదు షాహీన్. దాన్ని ఆడ పెట్టింది నేను. నిన్న సాయంత్రం నేనే మరిచిపోయినా" అన్నాను. ఆమె నన్ను నమ్మనట్టు చూసి, తర్వాత ఒక్కసారి ఊపిరి వదిలి, "భయపడి చచ్చింటి అక్కా" అని ఏడ్చేసింది. 

ఆ మాట చెప్పడానికి నాకు స్టూలు మీంచి లేచేంత సేపు పట్టింది. గాదిలింగప్ప ఒక్క రాత్రి ఆగాడు.