రొయ్యల డిస్కోలో కరెంటు పోయిన మధ్యాహ్నం

దెయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. మా నాన్నగారు గూడూరు దగ్గర ఒక పల్లెలో హెడ్మాస్టరుగా చేశారు, ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేవారు. ఆయనకి దేవుడి మీద ఎంత నమ్మకమో, గాలీ ధూళీ మాటల మీద అంత చిరాకు. నేనూ అలాగే పెరిగాను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ మా ఇంట్లోవాళ్ళకి, ఆ రోజు అక్కడున్నవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో బందరులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. నాతో పనిచేసే విమల, నేనూ ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. విమలది దివిసీమలో నాగాయలంక అవతల సముద్రం ఒడ్డున ఊరు. వాళ్ళ నాన్న చేపల వ్యాపారం చేసేవారు. ఆమెకి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. హ్యాండ్‌బ్యాగులో నోటితో పీల్చే మందు పఫ్ లేకుండా గడప దాటేది కాదు.

బందరు చివర ఒక రొయ్యల ప్లాంటు మూతపడి ఉండేది. రొయ్యలకి తెగులొచ్చి చెరువులు ఎండగట్టిన రోజుల్లో దాన్నీ మూసేశారు. ప్లాంటు యజమాని కొడుకు ప్రవీణ్ బెంగుళూరులో కొన్నాళ్ళుండి వచ్చి, అందులో క్లబ్బు పెట్టాడు. సినిమా పాటలు వేసేవాడు కాదు. గిటార్ల మోత, అరుపులు ఉండే ఇంగ్లీషు పాటలే. సరుకు నిలవుంచే కోల్డ్ రూముకి లోపల నల్లరంగు వేయించి, గోడల నిండా పాత వలలు, తలుపు పక్కన నల్లగుడ్డ వేలాడదీసి, నీలం బల్బులు పెట్టాడు. పొగ మిషను లేదు కాబట్టి ఒక మూల సాంబ్రాణి వేసేవాడు. బందరులో రాత్రిపూట ఆడపిల్లల్ని ఎవరు పంపిస్తారు? అందుకని ఆదివారం మధ్యాహ్నాలు నడిపేవాడు. లోపలికెళ్తే ఎలాగూ పగలూ రాత్రీ ఒకటే. మందు లేదు, కూల్‌డ్రింకులే. దానికి అతను పెట్టిన ఇంగ్లీషు పేరు ఎవరి నోరూ తిరగలేదు. ఊళ్ళో అందరూ రొయ్యల డిస్కో అనేవారు.

వచ్చేది పది పన్నెండు మంది. కాలేజీ కుర్రాళ్ళు, కిశోర్ గారని ఒక మెడికల్ రెప్, మా ఇద్దరం, ఇంకా అలాంటివాళ్ళు. నాకు డాన్సు రాదు. విమలకి కూడా రాదు కానీ అక్కడ ఆ సంగతి ఎవరూ పట్టించుకునేవారు కాదు. వారమంతా తల వంచుకుని తిరిగే పిల్ల, అక్కడ జుట్టు విరబోసుకుని ఎగిరేది. తనని అలా చూడడానికే నేను వెళ్ళేదాన్ని.

ఒక్క మాట చెప్పాలి. కూచిపూడిలో నాట్యం నేర్చుకునే ఒకమ్మాయి రెండుసార్లు వచ్చి మానేసింది. ఎవరో తన వెనకే మరీ దగ్గరగా నిలబడుతున్నారని ప్రవీణ్‌తో అందట. చీకట్లో మగపిల్లలున్న చోట అది పెద్ద వింతేమీ కాదని అందరం అనుకున్నాం. కిశోర్ గారు కూడా, మిషన్లు అమ్మేసి ఏళ్ళయినా ఈ గది ఇంకా చల్లగానే ఉంటుందేవిటండీ అని నవ్వేవారు.

ఆ ఆదివారం ముసురు పట్టింది. విమల వస్తే ప్రవీణ్ సాంబ్రాణి మానేసేవాడు. ఆ రోజు మేం వెళ్ళేసరికే వేసేశాడు. కాసేపటికి సర్దుకుంటుందిలే అంది విమల. చెప్పులూ బ్యాగులూ ముందుగదిలో వదిలి లోపలికెళ్ళాం.

రెండో పాటో మూడో పాటో నడుస్తుండగా కరెంటు పోయింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. జనరేటర్ వేసొస్తానని ప్రవీణ్ బయటికెళ్ళాడు. జల్లు లోపలికి కొడుతోందని వెళ్తూ వెళ్తూ తలుపు లాగేశాడు.

కోల్డ్ రూము తలుపు మామూలు తలుపు కాదు. జానెడు మందం, అంచుల చుట్టూ రబ్బరు. పడితే వాన చప్పుడు కూడా వినపడదు. అలాంటి చీకటి నేను అంతకుముందు చూడలేదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.

మొదట్లో నవ్వులు. తర్వాత ఎవరో తలుపు బాదాలని వెళ్ళి, తలుపు దొరకడం లేదన్నాడు. మళ్ళీ నవ్వులు. అప్పుడు నా పక్కన విమల ఊపిరి వినిపించింది. దగ్గు కాదు. పిల్లి కూత. ఆ కూత సంగతి నాకు బాగా తెలుసు. పఫ్ ముందుగదిలో ఉంది.

నేను కేకేశాను. నవ్వులు ఆగిపోయాయి. కిశోర్ గారు అందరినీ చేతులు పట్టుకోమన్నారు. తను ముందుండి కుడిచెయ్యి గోడ మీద వేసి నడుస్తానన్నారు. గోడ వెంట వెళ్తే తలుపు తగలకుండా ఎక్కడికి పోతుంది అన్నారు. వరసగా పట్టుకున్నాం. విమల నా ముందు. అందరికంటే చివర నేను. నా కుడిచేతిలో విమల చెయ్యి. ఎడమచెయ్యి ఖాళీ.

నడిచాం. అది పల్లెటూరి బడిలో ఒక క్లాసురూమంత గది. చుట్టి రావడానికి ఎంతసేపు పడుతుంది? కానీ నడుస్తూనే ఉన్నాం. మూల వచ్చిందండి అనేవారు కిశోర్ గారు. ఇంకాసేపటికి మళ్ళీ మూల అనేవారు. నాలుగు మూలలు ఎప్పుడో దాటిపోయాయి. ఏదో తేడాగా ఉందని అప్పటికి అందరికీ అర్థమైంది. గోడలకి వలలు ఉండాలి, చేతికి తగలాలి. స్పీకర్లు అడ్డం రావాలి. ఏవీ లేవు. నున్నటి గోడే అంటున్నారు ఆయన. ఆయన గొంతు మాకు దూరంగా, ఇంకా దూరంగా వినిపించింది. ఒక కుర్రాడు ఏడవడం మొదలుపెట్టాడు. విమల నడవలేక నా మీద వాలిపోతోంది. ఊపిరి లాగుతోంది, లోపలికి పోవడం లేదు. ఇక్కడే పోతాం అనిపించింది నాకు. ఆ మాట అలాగే, అంత స్పష్టంగా.

అప్పుడు ఎవరో నా ఎడమచెయ్యి పట్టుకున్నారు.

తగలడం కాదు, పట్టుకోవడం. ఆడమనిషి చెయ్యి. చిన్నది, తడిగా ఉంది, వేళ్ళ కొనలు పగిలి గరుగ్గా ఉన్నాయి. గాజులు నా మణికట్టుకి తగిలాయి. ఆ గదిలో ఆడవాళ్ళం విమల, నేను ఇద్దరమే.

"ఎవరు?" అన్నాను.  ఆ చెయ్యి మమ్మల్ని వచ్చినవైపే వెనక్కి లాగింది.

ప్రార్థన గుర్తు రాలేదు. ఆలోచనా రాలేదు. విమల చెయ్యి వదలకుండా ఆ లాగినవైపు తిరిగాను. వరసంతా నాతోపాటు వెనక్కి మళ్ళింది. ఎటండీ, ఎటు అని కిశోర్ గారు అరుస్తున్నారు. నాలుగడుగులు కూడా వేసి ఉండను. నా భుజం రబ్బరుకి తగిలింది. ఆ చెయ్యి నా అరచేతిని తీసుకెళ్ళి, గుడ్డ వెనక గుండ్రంగా ఉన్న దేనిమీదో పెట్టి అదిమింది. నేను బలంగా తోశాను. తలుపు తెరుచుకుంది.

వాన, వెలుతురు. ముందుగదిలో పడ్డాం. కిశోర్ గారు తలలు లెక్కపెట్టుకున్నారు. అందరం ఉన్నాం. తలుపు దాని బరువుకి అదే మూసుకుంది. విమల పెదాలు నీలంగా ఉన్నాయి. పఫ్ నోట్లో పెట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు రోజులు ఉంచుకుని పంపించారు.

మేం బయటికొచ్చినప్పుడు ప్రవీణ్ జనరేటర్ దగ్గర తాడు పట్టుకుని ఉన్నాడు. "ఇప్పుడేగా అక్కా వచ్చాను," అన్నాడు. రెండోసారి తాడు లాగుతున్నాడట. మాకు లోపల గంట గడిచినట్టుంది.

విమల ఆసుపత్రిలో ఉండగా నా ఎడమచెయ్యి సంగతి విని కిశోర్ గారు ఒక కారణం చెప్పారు. వరస గుండ్రంగా తిరిగి, ఆయన చెయ్యే నా చేతికి దొరికి ఉంటుందట. చెబుతూనే ఆయనే ఆగిపోయారు. తన కుడిచెయ్యి చివరిదాకా గోడ మీదే ఉందని ఆయనకి తెలుసు. మర్నాడు పగలు లైట్లు వేసి ఆయనా ప్రవీణూ ఆ గది చుట్టూ నడిచారు. వలలు ఉన్నాయి. స్పీకర్లు ఉన్నాయి. తలుపు పక్కన, నల్లగుడ్డ వెనక, లోపల్నుంచి తోసే నాబ్ ఉంది. అది అక్కడుందని ప్రవీణ్‌కి తప్ప మాలో ఎవరికీ తెలియదు.

ఆ ప్లాంటులో ఎవరైనా చనిపోయారా అని మీరు అడుగుతారు. మేమూ అడిగాం. పాత వాచ్‌మన్‌ని, అక్కడ రొయ్యలు ఒలిచిన ఆడవాళ్ళని కూడా. ఎవరూ పోలేదు. ఒక్క ప్రమాదం కూడా జరగలేదట. అంతకుముందు అక్కడ వట్టి ఉప్పునేల. నా చేతి మీద గుర్తులేవీ లేవు. ఉంటే బాగుండేది.

ప్రవీణ్ క్లబ్బు ఎత్తేశాడు. విమల ఆ మధ్యాహ్నం గురించి ఒక్కమాట మాట్లాడలేదు. నేనూ కదపలేదు. తర్వాత ఆమెకి గుడివాడ సంబంధం కుదిరింది. మొదటి పాప పుట్టినప్పుడు ఆసుపత్రికి చూడడానికెళ్ళాను. నేను పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, అడక్కుండానే తనే అంది.

"నువ్వు తలుపు తోసినప్పుడు వెలుతురు లోపలికి పడిందిగా. నేను నీ పక్కకి చూశాను."

ఏం చూశావే అన్నాను.

"నీ చెయ్యి పట్టుకున్నామె వెనక ఇంకొకరున్నారు. ఆమె చెయ్యి పట్టుకుని ఇంకొకరు. అలా లోపలిదాకా ఉన్నారే. వాళ్ళూ మనలాగే చేతులు పట్టుకుని తలుపు వెతుక్కుంటున్నారు."

అటువైపు గోడ కదా, అంతమంది ఎలా పడతారు అన్నాను. 

"నాకేం తెలుసు. నువ్వు గుమ్మం దాటగానే ఆమె నీ చెయ్యి వదిలేసింది. దాటలేక వదిలినట్టు ఉంది."

విమలకి ఊపిరాడని స్థితిలో ఏవేవో కనిపించి ఉంటాయని నాకు నేను చెప్పుకుంటాను. డాక్టర్లు కూడా అదే అంటారు. కానీ నా ఎడమచెయ్యి సంగతి నేను ఆమెకి అంతవరకు చెప్పలేదు. కిశోర్ గారితో అన్నాను కానీ, ఆమె ముందు అనలేదు.

ఇప్పటికీ నేను దెయ్యాలని నమ్మను. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంటే చెప్పలేను. కిశోర్ గారు మా తలలు లెక్కపెట్టి అందరం ఉన్నామన్నారు. నా కుడిచేతి వైపువాళ్ళ లెక్క అది. ఎడమచేతి వైపు ఎంతమందో, వాళ్ళకి ఎవరు తలుపు తీస్తారో నాకు తెలియదు.