మూడో గడిలో పేరు

యురేకా రోడ్డులో డ్వెయిన్ ప్రూయిట్ షెడ్డులోకి అడుగు పెట్టగానే కంటికి తగిలేది కారు బలం కొలిచే డైనో యంత్రం కాదు, దాని వెనక ఉన్న గోడ. తెల్లరంగు వేసిన ఇటుక గోడ మీద నల్ల పెయింటుతో గళ్లు గీసి ఉంటాయి. మొదటి గడిలో కారు. రెండో గడిలో ఆ కారు చక్రాల దగ్గర తేలిన హార్స్‌పవర్. మూడో గడిలో ఇంజను విప్పి మళ్లీ కట్టినవాళ్ల పేరు. అన్నిటికీ పైన ఎర్రక్షరాలతో ఒకే ఒక్క నియమం: 'రాసింది చెరపం.' ఒకప్పుడు తక్కువ అంకె వచ్చినవాళ్లు బీరు తాగొచ్చి ఎదుటివాళ్ల అంకెలు గోకేసేవారు. అప్పటి నుంచి ఆ నియమం.

పదకొండో వరసలో ఇలా ఉండేది: 1970 బ్యూక్, 361, జెరీ వోయ్టాస్.

2004 జూన్‌లో రాసిన వరస అది. కారు నిజం. అంకె నిజం. పేరు మాత్రం అబద్ధం. ఆ ఇంజను కట్టింది జెరీ భార్య బెర్నడెట్.

మా వైపు ఆమెని అందరూ బెర్నీ అనే పిలుస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసింది. అందులో చివరి పద్దెనిమిదేళ్లు రిపేరు విభాగంలో. లైను చివర పరీక్షలో తప్పిన ఇంజన్లన్నీ అక్కడికి వచ్చేవి. ఒక్కో ఇంజనుకి ఇరవై నిమిషాలు. ఆ లోపల రోగమేమిటో చెప్పాలి, లేదా తుక్కులోకి పంపాలి. బెర్నీ తుక్కులోకి పంపినవి తక్కువ. జెరీ పోస్ట్‌మ్యాన్. అతనికి కారు నడపడం ఇష్టం, కడగడం ఇంకా ఇష్టం. స్పానరు పట్టడం మాత్రం ఇష్టం లేదు.

ఏటా జూన్‌లో ఒక శనివారం డ్వెయిన్ కార్లు పరీక్షిస్తాడు. ఆ ఏడు ఆ రోజున బెర్నీకి ఓవర్‌టైమ్ పడింది. జెరీ ఒక్కడే కారు తీసుకుని డ్వెయిన్ దగ్గరికి వెళ్లాడు. 361 వచ్చింది. డ్వెయిన్ కుంచె పట్టుకుని, "ఎవరు కట్టారు?" అని అడిగాడు. చుట్టూ పది మంది మగాళ్లు నిలబడి ఉన్నారు. "మా గ్యారేజీలోనే కట్టాం," అన్నాడు జెరీ. డ్వెయిన్ అతని పేరు రాశాడు. జెరీ దిద్దలేదు. అతను చెడ్డవాడు కాడు. దిద్దలేదు, అంతే.

వారం తర్వాత గోడ చూసొచ్చిన బెర్నీ భోజనాల దగ్గర అడిగింది.

"మన ఇంటిపేరేగా రాశారు," అన్నాడు జెరీ, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ.

"ఇంటిపేరు స్పానరు పట్టలేదు. నేను పట్టాను."

"వచ్చే ఏడు చెప్పి మార్పిస్తాలే."

ఆ వచ్చే ఏడు పదిహేడు సార్లు వచ్చి వెళ్లింది. పద్దెనిమిదోసారి వచ్చేసరికి జెరీ లేడు.

అంత్యక్రియల తర్వాత చర్చి హాల్లో భోజనాలు పెట్టారు. లెస్టర్ కోజియెల్ గ్లాసు పట్టుకుని లేచాడు. లెస్టర్ కార్ల రేకులు వంచే ప్రెస్ మీద పనిచేసి రిటైరైనవాడు, జెరీకి చిన్ననాటి స్నేహితుడు, ఊళ్లో ఏ కారు గురించైనా నోరు మూసుకోలేని మనిషి.

"మా జెరీ చేతుల్లో ఏదో ఉండేది," అన్నాడు. "నమ్మకపోతే ఆ బ్యూక్ ఇంజను వినండి."

బెర్నీ ప్లేటు బల్ల మీద పెట్టింది.

"స్పార్క్ ప్లగ్ ఎటు తిప్పితే ఊడుతుందో జెరీకి తెలీదు, లెస్."

లెస్టర్ వచ్చి ఆమె భుజం తట్టాడు. "నీ బాధ మాకర్థమైంది, బెర్నీ. ఇంటికెళ్లి కాసేపు పడుకో."

పడుకోలేదు. మర్నాడే డ్వెయిన్ షెడ్డుకి వెళ్లింది. డ్వెయిన్ విన్నాడు. నమ్మాడు కూడా. అయినా తల అడ్డంగా ఊపాడు.

"ఒకళ్లకి చెరిపితే రేపు క్యూ కడతారు. అదే కారు అంతకన్నా పెద్ద అంకె తెస్తే కింద కొత్త వరస రాస్తా. అందులో నీ పేరు. అంతకు మించి నా చేతుల్లో లేదు."

"సరే. తెస్తా."

"బెర్నీ, దాని వయసు యాభై దాటింది."

"నా వయసు అరవై దాటింది. అయితే ఏంటి?"

రెండు చలికాలాలు పట్టింది. గ్యారేజీలో చిన్న హీటరు పెట్టుకుని ఇంజను మొత్తం విప్పింది. ఎనిమిది పిస్టన్లనీ వంటింటి తక్కెడలో తూచి, బరువైనవాటిని అరగదీసి, అన్నీ ఒక్క బరువుకి తెచ్చింది. వాల్వులు తెరిచి మూసే కామ్‌షాఫ్ట్ మార్చింది. గాలి వెళ్లే దారులు చేత్తో నున్నగా చేసింది. వేలు పెట్టి చూడటం, మళ్లీ రుద్దడం. ఒక్కో దారికి ఒక్కో సాయంత్రం.

ఈ లోపల శుక్రవారం సాయంత్రాలు హాంబర్గర్ కొట్టు ముందు పాత కార్లవాళ్లంతా చేరేచోట లెస్టర్ ప్రచారం నడుస్తూనే ఉంది. జెరీ కట్టిన బంగారంలాంటి ఇంజనుని ఆవిడ విప్పి పాడుచేసిందని. మే నెలలో బ్యూక్ మళ్లీ ఆ స్థలంలోకి వచ్చి ఆగినప్పుడు లెస్టర్ తలుపులోంచి లోపలికి వంగి చూశాడు.

"ఇదేంటి, కింద కార్పెటంతా చిరుగులు? డ్వెయిన్ దగ్గరికి నలుగురొస్తారు. చేపలు పట్టే పడవలా ఉంది, కాస్త ముస్తాబు చెయ్యొద్దా?"

డైనో పరీక్షకి రెండు రోజుల ముందు బెర్నీ కొత్త కార్పెట్ తెప్పించి, అడుగున మందపాటి మెత్త వేసి, స్వయంగా పరిచింది. నల్లగా, ఒత్తుగా, షోరూములో కారులా ఉంది.

జూన్ రెండో శనివారం. పొద్దున పదికే ఎండ మండుతోంది. షెడ్డు బయట నలభై కార్లు వరసలో ఉన్నాయి. ఓ బల్ల మీద పెద్ద గిన్నెలో సాసేజీలూ కారపు మాంసం కూరా ఉడుకుతున్నాయి. చేతుల్లో ఎర్ర సోడా సీసాలతో జనం.

డైనో అంటే నేలలో పాతిన రెండు పెద్ద ఇనుప డ్రమ్ములు. కారు వెనక చక్రాలు వాటి మీదికి ఎక్కించి, నాలుగు మూలలా బెల్టులతో నేలకి బిగిస్తారు. ఎంత వేగంగా తోలినా కారు అంగుళం కదలదు. చక్రాలు డ్రమ్ముల్ని తిప్పుతాయి, డ్రమ్ములు ఎంత త్వరగా వేగం అందుకున్నాయో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఎవరి కారైనా నడిపేది డ్వెయినే. ఒక్కో కారుకి మూడు పరుగులు. బెల్టులు విప్పితే ఆ ఏటికి అంతే.

బ్యూక్ ఎక్కింది. ముందు పెద్ద ఫ్యాను పెట్టారు. డ్వెయిన్ నాలుగో గేరు వేసి పెడల్ పూర్తిగా తొక్కాడు. షెడ్డు రేకులు అదిరాయి. తెర మీద గీత పైకి లేచి, పడుకుంది.

318.

"ఏదో అయ్యుంటుంది. మళ్లీ తొక్కు," అంది బెర్నీ.

316.

లెస్టరుకి నోరాపుకోవడం చేతకాదు.

"జెరీ కట్టినప్పుడు మూడు వందల అరవై ఒకటి. ఇప్పుడు మూడు వందల పదహారు. రెండేళ్లు చాకిరీ చేసి నలభై అయిదు గుర్రాల్ని చంపేసింది."

కొందరు నవ్వారు. కొందరు బూట్లకేసి చూసుకున్నారు.

డ్వెయిన్ కారు దిగి బెర్నీని పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"ఇవాళ ఎండ ఎక్కువ. వేడిగాలికి ఇంజను బలం తగ్గుతుందని కంప్యూటర్ కొంత కలుపుతుంది. ఎంత కలపాలో నేనే వెయ్యొచ్చు. మూడు వందల అరవై రెండు చేసేస్తా. నీ పేరు రాసేస్తా. ఎవడూ అడగడు."

"ఎందుకు?"

"జెరీ నాకు స్నేహితుడు. నువ్వు మా జెరీ భార్యవి."

"ఇరవై ఏళ్ల కిందట తెలీక ఓ అబద్ధం రాశావు, డ్వెయిన్. ఇప్పుడు తెలిసి ఇంకోటి రాస్తానంటున్నావు. నాకు అంకె దానం వద్దు. ఆ గీత అచ్చేసిన కాగితం ఇటివ్వు."

"బయట ఇంకా కార్లు వరసలో ఉన్నాయి. పది నిమిషాలకి మించి ఉంచలేను."

"ఫ్యాక్టరీలో ఇరవై నిమిషాలిచ్చేవాళ్లు, నేను సగం టైములోనే చెప్పేదాన్ని."

కాగితం మీద గీత చూసింది. మొదట్లో బ్రహ్మాండంగా లేచింది, తను ఊహించినట్టే. సగం దాటాక ఆగిపోయింది. రోగమున్న ఇంజను గీత వణుకుతుంది, కుంటుతుంది. ఇది వణకలేదు. ఎవరో గొంతు పట్టుకున్నట్టు బల్లపరుపుగా ఉండిపోయింది. పెట్రోలు చాలకపోతే ఇలా ఉండదు. మంట సరిగ్గా పడకపోయినా ఇలా ఉండదు. దానికి గాలి చాలడం లేదు. గాలి వెళ్లే దారులన్నీ ఆమె వేళ్లకి తెలుసు. అక్కడ తప్పు లేదు. మరి గాలిని తలుపు దగ్గరే ఏదో ఆపుతోంది.

"పెడల్ పూర్తిగా తొక్కావా?"

డ్వెయిన్‌కి కోపమొచ్చింది. "ముప్ఫై ఏళ్ల నుంచి ఇదే నా పని. కిందికి తగిలేదాకా తొక్కా."

"గట్టిగా తగిలిందా, మెత్తగా తగిలిందా?"

డ్వెయిన్ పెడల్ వైపు తిరిగి చూశాడు. "మెత్తగా," అన్నాడు నెమ్మదిగా.

బెర్నీ బానెట్ ఎత్తింది. గాలి ఫిల్టరు విప్పి పక్కన పెట్టింది.

"లెస్, ఇలా రా. ఊరికే వాగే బదులు లోపల కూర్చుని యాక్సిలరేటర్ తొక్కు. ఇంజను ఆపే ఉంది, భయపడకు."

లెస్టర్ కూర్చున్నాడు. నూట పదిహేను కిలోల మనిషి. తొక్కాడు. బెర్నీ టార్చి వేసి, ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి పంపే కార్బురేటర్ లోపలికి చూసింది. దానికి నాలుగు గొంతులు. మామూలుగా తోలేటప్పుడు ముందు రెండూ పనిచేస్తాయి. పెడల్ చివరిదాకా దిగితేనే వెనక రెండూ పూర్తిగా తెరుచుకుంటాయి. ఇప్పుడవి ఓరగా వేసిన తలుపుల్లా, సగం కూడా తెరుచుకోలేదు.

"ఇంకా తొక్కు."

"ఇంకెక్కడికి తొక్కేది? అయిపోయింది."

అయిపోలేదు. పెడల్ కిందికీ ఇనుప నేలకీ మధ్య కొత్త కార్పెట్, దాని కింద మందపాటి మెత్త, రెండూ కలిసి అంగుళమున్నర. రిపేరు విభాగంలో కొత్తగా చేరినవాళ్లకి బెర్నీ మొదటి రోజే చెప్పే మాట ఒకటుండేది: ముందు ఒకళ్ల చేత పెడల్ తొక్కించు, నువ్వు పైనుంచి చూడు, తర్వాతే మిగతావి. వందల మందికి చెప్పి ఉంటుంది. తన కారుకి తను చూసుకోలేదు. తప్పు ఆమెదే. ఆ మాట ఆమె దాచలేదు.

"నా తెలివితక్కువతనమే. డ్వెయిన్, కత్తి ఇవ్వు."

పెడల్ కింద ప్లేటంత మేర కార్పెటూ మెత్తా కలిపి కోసింది. పెయింటు రాలిన ఇనుము కనబడింది. లెస్టర్ ఇంకా సీట్లోంచి లేవలేదు.

"కొత్త కార్పెట్ కదా, బెర్నీ. అలా కోసేస్తే అందం పోదూ?"

"నువ్వు ముస్తాబు చెయ్యమంటే చేశా. దాని ఖరీదు నలభై అయిదు గుర్రాలని ఇందాక నువ్వే లెక్క చెప్పావు. ఇది పట్టుకో."

కోసిన ముక్క అతని ఒళ్లో పడేసింది. మళ్లీ తొక్కమంది. ఈసారి టక్కుమని ఇనుము మోగింది. టార్చి వెలుతురులో నాలుగు గొంతులూ బార్లా తెరుచుకున్నాయి. ఫిల్టరు బిగించి బానెట్ మూసింది. తొమ్మిది నిమిషాలు.

మూడో పరుగు చప్పుడు మొదటి రెండిటిలా లేదు. సగం దాటాక ఇంజను గొంతు మారింది. బల్ల మీద సోడా సీసాలు గలగలలాడాయి. వెనక బెల్టు తీగలా బిగుసుకుంది. గీత పైకి, ఇంకా పైకి వెళ్లింది. డ్వెయిన్ కాలు తీశాక కూడా డ్రమ్ములు చాలాసేపు తిరిగాయి.

389.

డ్వెయిన్ కారు దిగి తెర చూశాడు, బెర్నీని చూశాడు. "నేనేమీ కలపలేదు," అన్నాడు, గట్టిగా, అందరికీ వినబడేలా.

"జెరీ ఉంటే ఎంత సంతోషించేవాడో," అన్నాడు లెస్టర్, కార్పెట్ ముక్క ఇంకా చేతిలోనే ఉంది.

"సంతోషించేవాడు. మొదటిసారి ఇంజను కడుతుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, కాఫీ పెట్టిచ్చేవాడు. కాఫీ బాగా పెట్టేవాడు. అది రాయండి, ఒప్పుకుంటా."

డ్వెయిన్ నల్ల పెయింటు డబ్బా మూత తీశాడు. కుంచె ముంచబోతుంటే బెర్నీ చెయ్యి చాపింది. ఆ గోడ మీద డ్వెయిన్ తప్ప ఇంకెవరూ రాసింది లేదు. అతను ఒక్క క్షణం ఆలోచించి ఇచ్చేశాడు.

చివరి వరస కింద రాసింది: 1970 బ్యూక్, 389, బెర్నడెట్ వోయ్టాస్.

తర్వాత స్టూలు లాక్కుని పదకొండో వరస దగ్గరికి ఎక్కింది.

"ఏయ్ బెర్నీ. అది చెరపకూడదు."

"చెరపడం లేదు. పైన ఏం రాశావో నువ్వే చదువుకో. చెరపం అని ఉంది. కలపం అని లేదు."

జెరీ పేరుకి ముందు ఇరుకు జాగాలో 'తెచ్చింది' అని చేర్చింది. కింద మిగిలిన రెండంగుళాల్లో 'కట్టింది బెర్నడెట్' అని రాసింది. పెయింటు చుక్క ఒకటి పన్నెండో వరస దాకా జారింది. తుడవలేదు. డ్వెయిన్ గడ్డం గోక్కున్నాడు గానీ స్టూలు లాగలేదు.

లెస్టర్ దగ్గరికొచ్చి కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు.

"అక్షరాలు వంకర పోయాయి."

"చదవడానికి వస్తోందా?"

"వస్తోంది."

"అయితే చదువు. చర్చి హాల్లో మాట్లాడినంత గట్టిగా."

లెస్టర్ వెనక్కి తిరిగి చూశాడు. నలభై మంది అతని వైపే చూస్తున్నారు. బెర్నీ స్టూలు మీదే నిలబడి ఉంది, చేతిలో కుంచెతో. దిగేలా లేదు.

లెస్టర్ గొంతు సవరించుకుని చదివాడు.