వెనక తలుపులు చూసిన డ్రైవరు

ఏ హోటలుకి వెళ్ళినా నేను ముందు దాని వెనక వైపుకి వెళ్తాను. "లోపలికి దారి ఇటు," అని మా ఆయన నవ్వుతారు. కిందటేడు ఈ కొత్త ఊరికి మారాక ఇటాలియన్ భోజనం కోసం నాలుగు చోట్ల వెనక సందుల్లో తిరిగాను. చెత్త డబ్బాల మూతలు చూశాను. ఉల్లిపాయల పెట్టెలు చూశాను. ఈ అలవాటు నాది కాదు, అరకిడా గారిది.

అరకిడా మిత్సువో గారు టోక్యో పడమటి కొసన, తామా గుట్టల మీద మేమున్న ఐదంతస్తుల ఇళ్ళలో, మా మెట్ల దారిలోనే కింది వాటాలో ఉండేవారు. స్టేషన్ నుంచి గుట్ట పైదాకా ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు. భార్య హిసాయే గారు పోయి అప్పటికి పదకొండేళ్ళు. ఇటలీ సంగతి అటుంచి ఆయన విమానమే ఎక్కలేదు. అయినా గుట్ట మీద ఎవరింట్లో పుట్టినరోజు వచ్చినా, పెళ్ళిచూపుల మాట వచ్చినా, ఇటాలియన్ ఎక్కడ బాగుంటుందని ఆయన్నే అడిగేవారు.

నేనూ అడిగాను. అప్పుడు మా పాప కొతోహకి నాలుగేళ్ళు. దానికి గుడ్డు పడదు. నేను మట్టి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఒక పదార్థం ఇంకోదానిలోకి ఎంత తేలిగ్గా అంటుకుపోతుందో రోజూ చూసేదాన్ని. అందుకే పిల్లని పుట్టాక ఒక్కసారి కూడా బయట తిననివ్వలేదు. కిండర్‌గార్టెన్‌లో పిల్లలంతా "మేం హోటల్లో స్పగెట్టి తిన్నాం" అని చెప్పుకుంటుంటే, ఇది "మా అమ్మ హోటల్‌కి వద్దంటుంది" అందట. టీచరు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఆ మర్నాడు మెట్లు ఊడుస్తున్న అరకిడా గారి దగ్గర ఆగాను.

"గుడ్డు అసలు పడదా పాపకి?" అన్నారు చీపురు ఆపకుండానే.

"అసలు పడదండీ. చిన్న తునక తగిలినా పెదాలు వాచిపోతాయి."

"అయితే ఏడో నంబరుకి వెళ్ళండి."

"ఏడో నంబరు ఏమిటండీ?"

ఆయన చీపురు గోడకి ఆనించి, మెట్టు మీద కూర్చుని చెప్పుకొచ్చారు. మా బస్సుల్లో మధ్య తలుపు దగ్గర ఎక్కి చిన్న చీటీ తీసుకుంటాం. మనం ఎక్కిన స్టాపు నంబరు దాని మీద ఉంటుంది. దిగేటప్పుడు డ్రైవరు పక్కనున్న డబ్బాలో దాన్ని వేసి ముందు తలుపు గుండా దిగుతాం. "అంటే ప్రతివాళ్ళూ నా ముక్కు ముందు నుంచే దిగాలి. చీటీ చూస్తే ఎక్కడ ఎక్కారో తెలుస్తుంది, కోటు వాసన చూస్తే ఏం తిన్నారో తెలుస్తుంది. నాలుగో నంబరు వాళ్ళ దగ్గర మాడిన నూనె కంపు. తొమ్మిదో నంబరు వాళ్ళ దగ్గర చీజు వాసన, కానీ ముఖాలు చూస్తే తగువు పడి వచ్చినట్టుండేవి. ఏడో నంబరు వాళ్ళు మాత్రం వెల్లుల్లి వాసనతో దిగుతూ నాకు థాంక్స్ చెప్పేవారు. నేనేదో వండి పెట్టినట్టు!"

"అంతేనా? అది చూసే అక్కడ తినడానికి వెళ్ళారా?"

"ఒక్క ముక్కునే నమ్ముకుంటానా? పొద్దున్న ఆరుంబావు బస్సు నాదే. ఏడో స్టాపు దగ్గర ఎర్ర లైటు పడితే ఆ హోటలు వెనక తలుపు కనిపిస్తుంది. వంటాయన స్వయంగా ఉల్లిపాయలు మోసుకొచ్చేవాడు. పెట్టెలు కడిగి బోర్లించేవాడు. ముందు తలుపు మనకి చూపించడానికి పెట్టినదండీ. వెనక తలుపు ఎవరికి చూపిస్తారు?"

ల్యాబులో మేం చేసేదీ ఇదే. రెండు వేరువేరు దారుల్లో ఒకే జవాబు వస్తే తప్ప దేన్నీ నమ్మం. నాకు ఆయన మీద గురి కుదిరింది.

ఆ హోటలు పేరు పిక్కొలో. ఎనిమిదే కుర్చీలు. నెజిమే గారు వంట చేస్తారు, ఆయన భార్య ఫుసాకో గారు వడ్డిస్తారు. నేను పదిహేడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళాను. కత్తులు వేరా, చెక్క పలక వేరా, పాస్తా ఉడికించే నీళ్ళు మారుస్తారా. నెజిమే గారు కాగితం అందుకుని, ఎక్కడా నవ్వకుండా చివరిదాకా చదివారు.

"నేను వంట నేర్చుకున్నది ఇటలీ దక్షిణాన. అక్కడ పాస్తాలో గుడ్డు వెయ్యరు. పిండి, నీళ్ళు, నొక్కడానికి బొటనవేలు, అంతే," అన్నారు. "ఐదున్నరకి రండి. ఇంకే గిన్నే పొయ్యి ఎక్కకముందు పాపది వండేస్తాను."

ఆ బుధవారం కొతోహ ముందు చిన్న చెవుల్లాంటి పాస్తా వచ్చింది. అది ఒకటి తీసి తన చెవి దగ్గర పెట్టుకుని, "అమ్మా, దీనికీ వినిపిస్తుందా?" అంది. టేబుల్ కింద నా చేతిలో, పడకపోతే వెంటనే పొడిచే ఇంజెక్షన్ పెన్ను ఉంది. పిల్ల పెదాల్నే చూస్తూ కూర్చున్నాను. పదిహేను నిమిషాలు, ఇరవై, అరగంట. ఏమీ కాలేదు. పిల్ల పళ్ళెం ఖాళీ చేసింది. నా పళ్ళెం చల్లారిపోయింది. ఫుసాకో గారు దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ వేడి చేసి తెచ్చారు.

అప్పట్నుంచి ప్రతి బుధవారం అక్కడే. మూల కుర్చీలో అరకిడా గారు ఉండేవారు. ఫోర్కు ముట్టుకోరు, చాప్‌స్టిక్సే. మాకు పాత కథలు చెప్పేవారు. ఆయన బస్సు ఎక్కిన తొలిరోజుల్లో గుట్ట మీద స్పగెట్టి అంటే కాఫీ హోటళ్ళలో కెచప్ వేసి మెత్తగా కలిపి ఇచ్చేదేనట. తర్వాత స్టేషన్ కింద మరీనా అనే మొదటి ఇటాలియన్ హోటలు తెరిచారు. బోనసు వచ్చిన రోజున హిసాయే గారు కొత్త కోటు వేసుకున్నారు. ఇద్దరూ వెళ్ళారు.

"పాస్తా కొరికితే మధ్యలో గట్టిగా తగిలింది. యజమానిని పిలిచి, ఇది ఉడకలేదు, ఇంకో రెండు నిమిషాలు పొయ్యి మీద ఉంచండి అన్నాను. మా ఆవిడ టేబుల్ కింద నా తొడ గిల్లింది చూడండి! 'ఏవండీ, అలాగే తినాలట, పక్క టేబుల్ వాళ్ళు తింటున్నారు, నోరు మూసుకోండి' అని. ఆ మచ్చ వారం రోజులుంది."

"మరి యజమాని ఏమన్నారు?" అని నెజిమే గారు వంటింట్లోంచి అడిగారు. ఆ కథ ఆయన ఎన్నోసార్లు వినే ఉంటారు.

"క్షమించమని వంగి వంగి దణ్ణాలు పెట్టి, నిజంగానే ఇంకో రెండు నిమిషాలు ఉడికించి తెచ్చాడు పాపం."

ఫిబ్రవరిలో ఒక బుధవారం, ఫుసాకో గారు బల్ల తుడుస్తూ మెల్లగా చెప్పారు. మార్చి నెలాఖరుకి పిక్కొలో మూసేస్తున్నారట, మర్నాడు గోడకి కాగితం అతికిస్తారట.

"మామూలు రోజుల్లో మీలాంటి వాళ్ళు వస్తూనే ఉన్నారు. శనివారమే ఒక్కరూ రారు. ఆ రోజు నిండకపోతే ఇలాంటి చిన్న హోటలు నిలబడదండీ. కూరలు అన్నీ తెచ్చి కూర్చుంటాం. రెండేళ్ళుగా చూశాం. మా వంట శనివారానికి తగినది కాదేమో అంటారు ఈయన."

ఎందుకు రావట్లేదని ఆ దంపతులు ఎవరినీ అడగలేదు. అడిగితే రమ్మని బలవంతం చేసినట్టు అవుతుందని వాళ్ళ మొహమాటం. అరకిడా గారు చాప్‌స్టిక్స్ కింద పెట్టేశారు. ఆ రోజు పళ్ళెంలో సగం మిగిలిపోయింది. ఆయన అలా మిగల్చడం నేనెప్పుడూ చూడలేదు. నా సంగతి చెప్పాలంటే, ప్రపంచం మొత్తంలో నా కూతురు తినగల హోటలు అదొక్కటే.

ఆ వారం మా మెట్ల దారిలో ఇంటింటికీ తిరిగే అట్ట నా వంతుకి వచ్చింది. నీళ్ళు ఆగే తేదీలు, చెత్త రోజులు రాసిన కాగితాలు ఆ అట్టకి పెట్టి ఉంటాయి. చదివినట్టు మన పేరు ముద్ర వేసి, పక్కింటి వాళ్ళకి ఇవ్వాలి. ఈసారి అట్ట పట్టుకుని నేనే ఇల్లిల్లూ తిరిగి మాట కలిపాను. పిక్కొలోకి వెళ్తారా? వెళ్తాం. ఎప్పుడు? మంగళవారం, గురువారం. మరి శనివారం?

"అయ్యో, శనివారం ఎలా వెళ్తామండీ? ఉన్నవే ఎనిమిది కుర్చీలు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు వస్తారు కదా, వాళ్ళకి ఉండొద్దూ?"

ఉద్యోగాలు చేసుకునేవాళ్ళని అడిగాను. "పెద్దవాళ్ళు వచ్చే రోజు కదా అని మేం వెళ్ళం." పిల్లలున్న వాళ్ళు కొత్త జంటల కోసం వదిలేశారు. కొత్త జంట పిల్లలున్న వాళ్ళ కోసం వదిలేసింది. తొమ్మిది ఇళ్ళలో అడిగితే తొమ్మిది ఇళ్ళూ అదే చెప్పాయి. మేమూ అంతేగా, బుధవారాలకే అతుక్కుపోయాం. గుట్ట మొత్తం ఒకరికొకరు చోటు వదులుకుంటూ పోయి, ఆ ఎనిమిది కుర్చీల్నీ ఖాళీగా ఉంచేసింది.

అరకిడా గారికి చెప్పాను. ఆయన గుమ్మంలో నిలబడే విన్నారు. "మరీనా కూడా అందుకే పోయిందన్నమాట," అన్నారు.

తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఒక ఏడు హిసాయే గారి పుట్టినరోజు శనివారం పడింది. మరీనాకి వెళ్దామని ఆవిడ సాయంత్రానికల్లా కోటు వేసుకుని కూర్చున్నారు. "శనివారం కదా, కుర్రాళ్ళు వస్తారు, మనం మంగళవారం పోదాం అన్నాను. సరేలెండి అని కోటు విప్పేసింది. మంగళవారం వెళ్ళాం, తిన్నాం. కానీ ఆ కోటు విప్పిన చెయ్యి నాకు ఇంకా కనిపిస్తుందండీ. పై ఏడాదికి మరీనా లేదు."

మర్నాడు పొద్దున్నే ఆయన నా దగ్గర స్కేలు అడిగి తీసుకెళ్ళారు. సాయంత్రానికి ఒక కాగితం తయారైంది. చూడ్డానికి అచ్చం బస్సు టైముటేబులే. పైన "పిక్కొలో, శనివారం సర్వీసు" అని ఉంది. కింద ఐదున్నర, ఏడు, ఎనిమిదింబావు. ఒక్కో వేళ ఒక్కో మెట్ల దారి వాళ్ళది. అడుగున ఎర్ర సిరాతో, "ఇతరుల కోసం చోటు వదలవద్దు. ఇతరులు రావడం లేదు."

దాన్ని అట్టకి పెట్టించడానికి ఇళ్ళ సంఘం పెద్ద హత్సుగాయి గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"అరకిడా గారూ, ఈ అట్ట నీళ్ళ ట్యాంకులు కడిగే తేదీల కోసం. మీ నాలుక రుచుల కోసం కాదు."

"నీళ్ళు ఆగితే రాస్తారుగా? పొయ్యి ఆగిపోతుంటే రాయకూడదా?"

"ఇంత చెప్తున్నారు, మీరు శనివారం ఎన్నిసార్లు వెళ్ళారేమిటి?"

"ఒక్కసారీ వెళ్ళలేదు. తమరు?"

హత్సుగాయి గారు కళ్ళజోడు తీసేశారు. "నేనా… మీలాంటి ఒంటరివాళ్ళు వస్తారు కదా, వాళ్ళకి ఉండాలని…" అని మధ్యలో ఆగిపోయారు. సొరుగు లాగి తన పేరు ముద్ర తీశారు. మొదటి శనివారం ఏడు గంటల గడిలో గట్టిగా కొట్టారు. "మా ఆయన్ని కూడా లాక్కొస్తాను. ఉడకలేదని గోల చేస్తే మీదే పూచీ."

మార్చి మొదటి శనివారం ఐదున్నరకి మా మెట్ల దారి వంతు. మేం ముగ్గురం, రెండో అంతస్తు తల్లీకూతుళ్ళు, పై అంతస్తు టీచరమ్మ, కొత్త జంట. ఎనిమిది కుర్చీలూ నిండిపోయాయి. నెజిమే గారు వంటింటి కిటికీలోంచి ఒకసారి తల బయటపెట్టి చూసి, వెంటనే లోపలికి తీసేసుకున్నారు. ఫుసాకో గారు అందరికీ నీళ్ళ గ్లాసులు పెట్టారు. గోడ మీద మూసివేత కాగితం అతికించిన చోట జిగురు మరక మాత్రమే ఉంది.

అరకిడా గారు కనిపించలేదు. టైముటేబులులో అందరి పేర్లూ ఉన్నాయి, ఆయన పేరు తప్ప. కొతోహ తన పాస్తా అయ్యాక కుర్చీ దిగి వంటింట్లోకి దూరింది. నేను దాని వెనకే పరుగెత్తాను. వెనక తలుపు తెరిచి ఉంది. బయట సందులో, కడిగి బోర్లించిన ఉల్లిపాయల పెట్టె మీద అరకిడా గారు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"తాతా, నీకు కుర్చీ దొరకలేదా?" అంది కొతోహ.

"నాది డ్రైవరు సీటమ్మా. ఇక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తాయి."

అది ఆయన పక్కన ఇంకో పెట్టె మీద ఎక్కి కూర్చుని ఆయన కోటు వాసన చూసింది. "వెల్లుల్లి," అని చెప్పింది.

నెజిమే గారు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. "అరకిడా గారూ, వచ్చే శనివారం మీరు లోపల కూర్చోవాలి. మూల కుర్చీ మీకే."

"శనివారమా? వద్దులెండి, ఎవరైనా కుర్రాళ్ళు…"

ఆయన అక్కడే ఆగిపోయారు. చాప్‌స్టిక్స్ గాలిలోనే ఉన్నాయి. నెజిమే గారు, నేను, కొతోహ ముగ్గురం ఆయన్నే చూస్తున్నాం. పళ్ళెంలో ఆఖరి పాస్తా ముక్కని తీసి నెమ్మదిగా నమిలారు.

"ఐదున్నరకి," అన్నారు. "రాసుకోండి."