మందకు ఎంత వెనక

నాకు ముక్కుమీద కోపం. రోగి చెప్పడం పూర్తికాకముందే చీటీ పైన జబ్బు పేరు రాసి కింద గీత గీసేవాణ్ణి. సూర్యాపేటలో నా మానసిక వైద్య క్లినిక్‌కు వచ్చేవాళ్లు అదే నా గొప్ప అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

చివ్వెంల వైపు నుంచి ఒక గొర్రెల కాపరిని అతని అన్న తీసుకొచ్చాడు. నిద్ర లేదు, ఎవరో పిలుస్తున్నట్టు మాటలు వినిపిస్తున్నాయి. ‘స్కిజోఫ్రెనియా’ అని రాశాను. అదేమిటని అన్న అడిగితే ‘పెద్ద పిచ్చి’ అనేశాను. ఆ ఒక్క మాటతో ఇంట్లోవాళ్లు అతని చేతిలోంచి కర్ర లాక్కున్నారు. మాత్రలతో ఆ వినిపించే మాటలు తగ్గినా మందను తిరిగి ఇవ్వలేదు. “సారే రాసిండు గద” అని అన్న ఆ చీటీ చూపించేవాడు.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి ముందటేడు మిర్యాలగూడలో మా డాక్టర్లకు ఒక ఆదివారం శిక్షణ పెట్టారు. నాకంటే చాలా చిన్నదైన డాక్టరమ్మ, జబ్బు ఉందా లేదా అని కాదు, ఏది ఎంత ఉందో చూడమంది. నిద్ర, భయం, దిగులు, పని చేసుకునే శక్తి, ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా.

“ఇదేం కూరగాయల బేరమా?” అన్నాను.

“మీ కోపానికి పదికెంత వేయమంటారు సార్?” అందామె. హాలంతా నవ్వింది. ఉడుక్కున్నాను.

అయినా ఆ వారమే కాపరి వస్తే అడిగి చూశాను. పదికెంత అంటే తెల్లమొహం వేశాడు. తర్వాత తన లెక్క చెప్పాడు:

“జీవాలకు రోగమొస్తే మేం గట్ల సూడం సార్. మందకు ఎంత ఎనకబడ్డదో సూస్తం. జర ఎనకుంటే మెల్లగ తోల్కపోతం. ఇంక ఎనకుంటే బుజానేసుకుంటం. ఎనకబడ్డదని ఇడిసిపెడ్తమా?”

నాకు సిగ్గేసింది. నేను ఆదివారమంతా కాదని వాదించింది ఇతనికి చిన్ననాటి నుంచీ తెలుసు.

“మరి నువ్వెంత ఎనకున్నవ్?”

నిద్రలో బాగా వెనక. భయంలో కొంచెం. గొర్రెలు కాయడంలో మాత్రం, “మందలనే ఉన్న సార్.”

అన్నను లోపలికి పిలిచి అదంతా కొత్త చీటీ మీద రాసి చదివి వినిపించాను. పాతది అడిగి తీసుకుని చించేశాను. మాత్రలు ఆపొద్దు, మంద తిరిగి ఇవ్వు, మొదట్లో నువ్వు వెంట ఉండు, తప్పు నాది అన్నాను. ఆ చివరి మాట నాకు అలవాటు లేనిది.

నాలుగు నెలలు ఇద్దరూ కలిసి వచ్చారు. ఎండాకాలంలో అన్న ఒక్కడే వచ్చాడు. తమ్ముడు మాత్రలు మానేశాడేమోనని మండిపడ్డాను.

“ఎక్కడ వాడు?”

“గడ్డి లేదని జీవాలను సాగర్ కాల్వల దిక్కు తోల్కపోయిండు సార్. వానలు పడ్డంకనే వస్తడు. జర రెండు నెలల గోలీలు రాయుండ్రి.”